పాల మరక

"బిడ్డ లేడు" అన్నాను.

గడియారాల మెకానిక్ నా మొహం చూడలేదు. నా చేతి గడియారం చూశాడు. ఎదుటివాడి మాట నచ్చకపోతే వాడి గడియారం చూడటం అతనికి అలవాటు. కేసు ఒప్పుకున్న రోజున నా గడియారానికి పగిలిన అద్దం తీసి కొత్తది అతికించింది అతనే. అది చూసుకుంటున్నాడో, నన్ను చూడలేకపోతున్నాడో తెలియదు.

"లేడంటే మీకు దొరకలేదనా, అసలు లేడనా?"

"అసలు లేడు. ఇన్నాళ్ళూ మీ ఆవిడ వెనకాలే తిరిగాను. ఇంటినుంచి బస్టాండుకి, బస్టాండునుంచి ఇంటికి. మధ్యలో ఇంకో గుమ్మం తొక్కలేదు. పుట్టింటి వీధిలో కూడా వాకబు చేశాను. ఆవిడ ఎప్పుడూ కడుపుతో ఉన్న జాడే లేదు."

"మరి నా కళ్ళతో నేను చూసిందేంటండీ? జాకెట్టు మీద పాల మరక. ఒక్కసారి కాదు. పైగా నెలసరి ఆగిపోయింది. కనని ఆడదానికి పాలెలా వస్తాయి? తెలియకపోతే తెలియదని చెప్పండి. చదువుకున్నవాణ్ణి పెట్టుకోవాల్సింది నేను."

ఆ ఆఖరి మాట మాత్రం సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఆ సంగతి మా అత్తవారింట్లో గోడలకి కూడా తెలుసు. మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్నవాడు డిగ్రీ చదివి పోలీసు ఇన్‌స్పెక్టరయ్యాడు. "మా మరిదిని చూడండి" అని మా ఆవిడ అన్న రోజు నాకు అన్నం సయించదు. ఆ మాట ఆమె అనని రోజు లేదు.

మేం నిలబడింది ఆసుపత్రి వరండాలో. వెనక తలుపు అవతల అతని భార్య మొన్నటినుంచి ఒంటిమీద స్పృహ లేకుండా పడి ఉంది. ఆవిడ బస్టాండులో అనౌన్సరు. ఊళ్ళో ఆవిడ మొహం తెలిసినవాళ్ళు తక్కువ, గొంతు తెలియనివాళ్ళు లేరు. అలాంటి గొంతు ఈమధ్య బొంగురుపోయింది. మనిషి ఉబ్బింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేది. మొన్న ఉదయం మైకు ముందే కుర్చీలోంచి జారిపోయింది. ముట్టుకుంటే ఒళ్ళు మంచుగడ్డలా ఉందట.

పెళ్ళాం చావుబతుకుల్లో ఉంటే మొగుడు నన్ను అడుగుతున్నది మాత్రం బిడ్డ సంగతే. నాకు అసహ్యమేమీ వేయలేదు. కుళ్ళు ఎలా పట్టుకుంటుందో నాకు కొత్త కాదు.

తలుపు తీసుకుని గ్రంథుల డాక్టరమ్మ బయటికొచ్చింది. నడివయసు మనిషి, మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు.

"ఈయనెవరు?"

"మా దూరపు అన్నయ్యండీ" అన్నాడు గడియారాలాయన రెప్ప వేయకుండా. డిటెక్టివ్‌ని పెట్టుకున్నాడని తెలిస్తే పరువు పోతుందని.

"అయితే మీరు కాస్త లోపలికి రండి. తమ్ముడుగారూ, మీరు వెళ్ళి కౌంటర్లో సంతకం పెట్టి రండి."

అతను వెళ్ళాడు. గదిలో కుర్చీ చూపించింది డాక్టరమ్మ. కూర్చోకముందే అడిగేశాను.

"అమ్మా, కనని మనిషికి పాలొస్తాయా?"

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆ సంగతి మీకెవరు చెప్పారు?"

"వాడే. ఆ పాల వెనక ఎవడో ఉన్నాడని వాడి గోల."

"ఎవడూ లేడు. ఉన్నది మెదడు." డాక్టరమ్మ తన మెడమీద వేలితో గీత గీసింది. "ఆవిడకి ఇక్కడ మచ్చ చూశారా? పెళ్ళికి ముందే గడ్డ వచ్చి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. ఆ గ్రంథి చేసే హార్మోన్ ఇక జన్మంతా బిళ్ళరూపంలో లోపలికి వెళ్ళాలి. వెళ్ళినంతకాలం మనిషికి ఏ లోటూ లేదు. ఆగిందా, పొయ్యి ఆరిన ఇల్లే. ఒళ్ళు చల్లబడుతుంది, గుండె మెల్లబడుతుంది, మొహం వాస్తుంది, గొంతు బొంగురుపోతుంది. ఆవిడ రక్తంలో ఆ హార్మోన్ దాదాపు లేదు."

"అది సరే. పాల సంగతి?"

"వస్తున్నా. మెదడు అడుగున హైపోథాలమస్ అని ఒక పెద్ద పెత్తనం. దాని కింద శనగగింజంత పిట్యూటరీ. పైది ఆజ్ఞ వేస్తుంది, కిందది ఒంట్లో గ్రంథులకి కబురు పంపుతుంది. థైరాయిడ్ హార్మోన్ సరిపడా ఉంటే పైవాళ్ళు నోరుమూసుకుని ఉంటారు. తగ్గితే పిలుస్తారు. ఇంకా తగ్గితే అరుస్తారు. మీ ఇంట్లో అత్తగారు ఉన్నారా?"

"ఉన్నారు. మామూలుగా లేరు."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "అయితే సులువుగా తెలుస్తుంది. కోడలు ఇంట్లోనే లేదు. అత్త పిలుస్తూనే ఉంది. పలికే దిక్కు లేదు కాబట్టి గొంతు పెంచుతోంది. ఆ కేకలకి పక్కింటావిడ లేచి, తననే పిలుస్తున్నారనుకుని తన పని మొదలుపెట్టేసింది. ఆ పక్కింటావిడ పేరు ప్రొలాక్టిన్. పాలు తయారుచేయించే హార్మోన్. అదీ పిట్యూటరీలోదే."

"బిడ్డ లేకపోయినా?"

"బిడ్డ ఉందో లేదో దానికేం తెలుసు? కబురొచ్చింది, పని చేసింది. ఇంకో తమాషా ఉంది. ప్రొలాక్టిన్ పెరిగితే మెదడు, ఈవిడ పాలిచ్చే తల్లి, ఇప్పుడే మళ్ళీ కడుపు రాకూడదనుకుంటుంది. అండాశయాలకి వెళ్ళే కబురు ఆపేస్తుంది. నెలసరి ఆగిపోతుంది."

పాలు, నెలసరి ఆగడం. మొగుడు ఆ రెండూ కలిపి ఒక బిడ్డని కన్నాడు. వాడికొక తండ్రిని కూడా కన్నాడు. ఆ తండ్రిని వెతకమని నన్ను పెట్టాడు.

"అంటే ఆవిడ బిళ్ళలు మానేసింది."

"అలాగే అనుకుంటున్నాం. కానీ ఎందుకు మానేస్తుంది? ఇన్నేళ్ళు వేసుకున్న మనిషి." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "నన్ను భయపెడుతున్నది అది కాదు. ఇంజక్షన్ మా దగ్గర లేదు. అందుకని మొన్నటినుంచి ముక్కులో గొట్టం వేసి, బిళ్ళలు నూరి, పెద్ద మోతాదులో పంపిస్తున్నాం. ఈపాటికి కొంచెమైనా వేడి పుట్టాలి. పుట్టకపోగా గుండె ఇంకా మెల్లబడుతోంది. ఇలాగే ఉంటే రేపు ఈవేళకి ఆవిడ ఉంటుందని నేను చెప్పలేను."

ఎందుకు మానేసిందో స్పృహ లేని మనిషి చెప్పలేదు. ఆవిడ రోజంతా గడిపే చోటు చెప్పొచ్చు. సెలవు తీసుకుని బస్టాండుకి పరుగెత్తాను.

అనౌన్సర్ల గది ప్లాట్‌ఫారాల పైన అద్దాల పెట్టెలా ఉంటుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, మెడ వంచిన మైకు. రెండో అనౌన్సరు ఒక్కతే ఉంది. పాతికేళ్ళ పిల్ల. వాకబుకి వచ్చినప్పుడు ఒకసారి మాట్లాడాను. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. అయినా మైకు మీట నొక్కి బస్సు పేరు చెప్పేటప్పుడు మాత్రం గొంతులో తడి లేదు. మీట వదలగానే మళ్ళీ ఏడుపు.

"మళ్ళీ మీరొచ్చారా? పొద్దున ఇన్‌స్పెక్టరుగారు వచ్చి నా ఫ్లాస్కు పట్టుకుపోయారు. నేను టీలో ఏదో కలిపానట."

"కలిపావా?"

"కలిపితే ఆ ఫ్లాస్కు ఇంకా ఇక్కడ ఉంచుకుంటానా? కడిగి పారేసేదాన్ని కాదూ!"

తెలివైన పిల్లే. "నీకు ఆవిడంటే పడదని అందరూ చెబుతున్నారమ్మా."

"ఎందుకు దాచాలి? కుళ్ళే." ముక్కు తుడుచుకుంది. "అక్క గొంతు వింటే బస్సు దిగినవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. నేను మాట్లాడితే ఎవరూ చూడరు. డ్రైవర్లు ఆవిడకే చెయ్యి ఊపుతారు. ఆవిడ సెలవు పెడితే నాకు పండగలా ఉండేది. ఈమధ్య ఆవిడ గొంతు బొంగురుపోతుంటే లోపల సంతోషించాను కూడా. అలాగని చంపుకుంటామా సార్? కుళ్ళుకుంటాం, పక్కనే కూర్చుని టీ తాగుతాం. అందరూ చేసేదేగా!"

ఆ పిల్ల మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. నేను ఇన్నేళ్ళలో ఎవరిముందూ ఒప్పుకోలేని మాట గుక్క తిప్పుకోకుండా ఒప్పేసింది.

"ఆవిడ థైరాయిడ్ బిళ్ళలు ఎప్పుడు మానేసింది?"

"మానేయడమా?" కళ్ళు పెద్దవి చేసింది. "రోజూ వేసుకుంటుంది. తెల్లారగట్ల డ్యూటీ కదా, ఇంట్లో వేసుకుంటే మరిచిపోతానని సీసా తెచ్చి ఇక్కడే సొరుగులో పెట్టుకుంది. రాగానే బ్యాగు పెట్టి ముందు బిళ్ళే. పరగడుపున వేసుకోవాలని, నేను టీ పోసినా చాలాసేపు ముట్టుకోదు. మానేసిందంటే నా నాలుక కోసుకుంటాను."

"నీ కళ్ళతో చూశావా?"

"నా కళ్ళ ఎదుటే. మొన్న పడిపోయిన రోజు కూడా వేసుకుంది. నోట్లో వేసుకుని నీళ్ళు తాగి, ఎప్పట్లాగే ఈ నీళ్ళేంటే తియ్యగా ఉన్నాయి అంది. ఎన్నిసార్లు అందో. కుళాయి నీళ్ళే అక్కా అంటే వినదు. నేనేదో కలిపానని వెటకారం చేస్తోందనుకుని ఒకరోజు మాట్లాడటం కూడా మానేశాను."

సొరుగు లాగాను. దువ్వెన, గొంతుకి వేసుకునే లవంగాలు, పక్కనే తెల్లని ప్లాస్టిక్ సీసా. సగం ఖాళీ. మూత తిప్పి ఒక బిళ్ళ అరచేతిలోకి వంచుకున్నాను. చిన్నది, తెల్లనిది, మామూలు బిళ్ళలాంటి బిళ్ళ.

నాలుక మీద పెట్టుకున్నాను.

"ఏం రుచి అన్నయ్యా? ఉప్పు సరిపోయిందా?"

గుమ్మంలో మా తోడల్లుడు. ఇస్త్రీ మడత నలగని యూనిఫారం, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. వరసకి నన్ను అన్నయ్యా అంటాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతుందో తూకం వేయడానికి కంసాలి తక్కెడ కావాలి.

"సర్కారు కేసులో ప్రైవేటు నాలుక పెట్టకూడదని నీకెవరూ చెప్పలేదా? ఏడో తరగతి తర్వాత చెబుతార్లే."

"ఫ్లాస్కులో ఏం దొరికింది తమ్ముడూ?"

వాడి దవడ కదిలింది. "రిపోర్టు రావాలి. రాకపోయినా నాకు తేడా లేదు. ఈ అమ్మాయికి పెద్దావిడ కుర్చీ కావాలి. టీ పోసింది ఈమె. గదిలో ఉన్నది ఈమె ఒక్కతే. కుళ్ళు ఉందని ఊరంతా చెబుతోంది. పదమ్మా, నడు."

పిల్ల కుర్చీ చేతులు పట్టుకుంది. కింద ఏదో బస్సు హారన్ కొడుతోంది. పేరు చెప్పేవాళ్ళు లేరు.

"కుళ్ళు ఉన్నవాళ్ళందరినీ లోపలేస్తే ముందు నన్ను వెయ్యాలి తమ్ముడూ. నీ నడుముకున్న ఆ బెల్టు చూసి నేను ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నానో మీ వదినకి తెలుసు. అయినా నీ టీలో ఇంతవరకూ ఏమీ కలపలేదు. ఒక్క నిమిషం ఆగు. నీకు షుగరు కదా, జేబులో డబ్బీ ఉందా?"

"ఏ డబ్బీ?"

"టీలో వేసుకునే తీపి బిళ్ళల డబ్బీ. పోయిన పెళ్ళిలో అందరికీ చూపించావుగా, నొక్కితే ఒక్కొక్కటే పడుతుందని. మా ఆవిడ ఇంటికొచ్చి రెండురోజులు అదే చెప్పింది."

కానిస్టేబుల్ ఒకడు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. మావాడు విసుగ్గా డబ్బీ తీసి బల్లమీద పెట్టాడు. నొక్కితే ఒక బిళ్ళ పడింది. పక్కనే సీసాలోంచి ఒకటి వేశాను.

కవలపిల్లలు. తల్లి కూడా గుర్తుపట్టలేదు.

పిల్ల గ్లాసులో సగం నీళ్ళున్నాయి. సీసాలోని బిళ్ళ అందులో జారవిడిచాను. సన్నటి బుడగలు చిమ్ముతూ అడుగుదాకా కూడా పోకుండా కరిగిపోయింది.

"తాగి చూడు తమ్ముడూ. ఆవిడ రోజూ వేసుకునే థైరాయిడ్ మందు ఇది. నీకు అలవాటైన రుచే."

వాడు వేలు ముంచి నాకాడు. మొహంలో రంగు మారింది. అంత చదువుకున్నవాడు నీళ్ళగ్లాసు ముందు నోరు తెరుచుకుని నిలబడితే చూడటం నాకు ఎంత హాయిగా ఉండిందో అబద్ధం చెప్పను. కానీ ఆ హాయి ఎక్కువసేపు నిలవలేదు.

"అంటే నెలల తరబడి ఆవిడ మందనుకుని మింగింది ఇదా?" అన్నాడు మెల్లిగా.

"ఇదే. ఆవిడ మానలేదు. మాన్పించారు. ఆవిడకి తెలియకుండా, ఆవిడ చేత్తోనే."

"అయితే నా మాటే నిజం. సొరుగు ఎవరి పక్కనుంది? ఈ అమ్మాయి పక్కనే. మార్చింది ఈమె!"

వాడి మీద నాకు అసూయ ఎందుకుండేదో ఆ క్షణంలో నాకే అర్థం కాలేదు. జవాబు చెప్పబోయాను. అప్పుడే ఇంకొకటి తట్టింది. గొట్టం. నూరి పంపిస్తున్న బిళ్ళలు. పుట్టని వేడి.

బల్లమీది ఫోన్ లాక్కుని ఆసుపత్రికి చేశాను. డాక్టరమ్మని పిలిపించాను.

"అమ్మా, మీరు నూరి పోస్తున్న బిళ్ళలు ఎక్కడివి?"

"బయటనుంచి తెమ్మన్నాం. మా దగ్గర స్టాకు లేదు."

"తెచ్చిందెవరు?"

"ఇంకెవరు, భర్తే. ఇంట్లో కొత్త సీసా ఉందని తెచ్చిచ్చారు. సీలు మా నర్సే తన చేత్తో చించింది. ఏం?"

"నూరి నీళ్ళు పోసినప్పుడు నురగ వచ్చిందేమో నర్సుని అడగండి."

ఫోన్లో గాజుతలుపు చప్పుడు, అడుగుల చప్పుడు. తర్వాత దూరంగా ఒక ఆడగొంతు. "వచ్చింది మేడమ్, బుడగలు వచ్చాయి. వేరే కంపెనీదేమో అనుకున్నాను."

డాక్టరమ్మ ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయి, ఎవరినో పేరు పెట్టి కేకేస్తూ పరుగెత్తడం వినిపించింది. పక్క ఊరినుంచి ఇంజక్షన్ తెప్పించమంటోంది, ఆలోపు ఎదురుగా ఉన్న మందులషాపులో బిళ్ళలు తెమ్మంటోంది.

నేను మావాడి వైపు తిరిగాను. "ఈ సొరుగులో సీసా ఎవరైనా మార్చొచ్చు. ఒప్పుకుంటాను. కానీ ఆసుపత్రిలో సీసా ఈ పిల్ల చేతికి రాలేదు. అందులోనూ ఇవే బిళ్ళలు. రెండు సీసాలకీ తగిలిన చెయ్యి ఎవరిది?"

"మొగుడిది." వెంటనే తల అడ్డంగా ఊపాడు. "కాదు. సీలున్న సీసా. మందులషాపువాడే నకిలీ సరుకు అమ్ముంటాడు. మొగుడికేం తెలుసు పాపం."

చదువు ఊరికే రాదు. ఆ అనుమానం సబబే. సీసా మూతి కిటికీ వెలుతురుకి పెట్టాను. చింపిన కాగితం సీలు అంచు మూతి చుట్టూ ఇంకా అంటుకుని ఉంది. దానికింద ఒకచోట జిగురు చిన్న పూసలా గట్టిపడింది. గాజులా తేటగా ఉంది. గోటితో గీకితే రాలేదు. నా ఎడమచెయ్యి దాని పక్కన పెట్టాను. నా గడియారం అద్దం అంచున అదే పూస, అదే తేట.

"కంపెనీవాడు సీలు వేడిచేసి అతికిస్తాడు, జిగురు వాడడు. ఇది సీలు ఊడదీసి మళ్ళీ అంటించిన చెయ్యి. గడియారాలకి అద్దాలు అతికించే జిగురు తమ్ముడూ ఇది."

మావాడు నా గడియారం చూశాడు, సీసా చూశాడు. పొగడలేదు. వాడు నన్ను పొగిడితే ఆ రోజు సూర్యుడు పడమట ఉదయిస్తాడు. "జీపెక్కు" అన్నాడు. అంతే. వెనక అద్దాల గదిలో ఆ పిల్ల మైకు మీట నొక్కి, ఆలస్యమైన బస్సు పేరు చెప్పడం మొదలుపెట్టింది.

గడియారాలాయన వరండాలో ఉన్నచోటే ఉన్నాడు, బెంచీ మీద. లోపల జరుగుతున్న పరుగులు చూస్తున్నాడు కానీ ఎందుకో అడిగే ధైర్యం చేసినట్టు లేదు. మావాడు ఎదురుగా నిలబడి, బస్టాండు సీసా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇందులో ఏం పోశావ్?"

అతను నన్ను చూశాడు. ఈసారి మొహమే చూశాడు.

"చంపాలని కాదండీ."

"మరి దేనికి?"

"ఒకసారి రెండు మూడు నెలలు మందు దొరక్క మానేసింది. గొంతు పోయింది. సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఆ రోజులు..." తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. "మధ్యాహ్నం నాకు అన్నం తెచ్చి, షాపులో నా పక్కన కూర్చునేది. ఆ బొంగురు గొంతుతో నాతోనే మాట్లాడేది. నాతో ఒక్కడితోనే. తర్వాత మందు దొరికింది. గొంతొచ్చింది, మళ్ళీ బస్టాండుకి పోయింది."

"ఉద్యోగం చేస్తే తప్పేంట్రా?" అన్నాడు మావాడు.

"మీకు తెలియదు సార్. నా షాపు బస్టాండు గోడకి ఆనుకుని ఉంటుంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ గొంతు నా చెవిలోనే. ఎంత మర్యాదగా పిలుస్తుందో! దయచేసి అంటుంది, గమనించండి అంటుంది. ఎవడెవడికోసమో. నా దగ్గర గడియారం బాగుచేయించుకునేవాడు కూడా ఆగి, ఎవరండీ ఈవిడ, ఎంత బాగుంది గొంతు అంటాడు. నా పెళ్ళామని చెప్పను. ఇంటికొచ్చేసరికి గొంతు అలిసిపోతుంది. నాకు సైగలే. అన్నం పెట్టమంటే సైగ, దీపం ఆర్పమంటే సైగ. ఊరందరికీ మాటలు, నాకు చేతులు!"

మావాడు సీసా కిందికి దించాడు.

"గొంతు ఒక్కటే పోతుందనుకున్నాను" అన్నాడు. "మొన్న పడిపోయాక భయమేసింది. నిజం బిళ్ళల సీసా కూడా కొన్నాను. చేతిలో పట్టుకుని ఆసుపత్రి గుమ్మందాకా వచ్చాను. అంతలో ఆ పాలు గుర్తొచ్చాయి. అది ఇంట్లో నాకొక్కడికే ఉండాలని నేను ఇంత చేస్తే, అది ఎవడికో బిడ్డని కని ఉంచిందా అని ఒళ్ళు మండిపోయింది. వెనక్కి వెళ్ళి, ముందే బిళ్ళలు మార్చి సీలు అంటించి ఇంట్లో ఉంచిన సీసా తెచ్చిచ్చాను."

అప్పుడు అర్థమైంది నాకు. ఈ మనిషి ఇప్పటికీ ఆ పాలనే నమ్ముతున్నాడు. అవి ఎక్కడినుంచి వచ్చాయో ఇతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పే పని నా మీద పడింది. చదువుకున్నవాళ్ళ మాట నాకు రాదు, నాకు వచ్చిన మాటే చెప్పాను.

"బస్టాండులో ఒక కండక్టరు కోసం మైకులో పిలుస్తారు. పలకడు. ఇంకా గట్టిగా పిలుస్తారు. ఆ పిలుపు వాడొక్కడికే వినిపిస్తుందా? బస్టాండంతా వింటుంది. మనిషి మెదడు కూడా అంతేనయ్యా. నువ్వు ఆవిడకి మందు లేకుండా చేశావు. మెదడు ఆ మందు కోసం అరిచింది. నెలల తరబడి అరిచింది. ఆ అరుపు పాలు చేయించే గ్రంథికి కూడా వినపడింది. అది లేచి తన పని చేసింది. నెలసరి ఆపించింది కూడా అదే. బిడ్డ లేడు, వాడి తండ్రీ లేడు. నీ పెళ్ళాం జాకెట్టు మీద పాల మరక వేసింది నువ్వు. నీ సీసా."

అతని పెదాలు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదిలాయి. ఏడుస్తాడనుకున్నాను. తల గోడకి కొట్టుకుంటాడనుకున్నాను. చేతులు చాచి మావాడు సిద్ధంగా నిలబడ్డాడు కూడా.

నవ్వాడు.

కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, చిన్నపిల్లాడిలా మొహమంతా విప్పుకుని నవ్వాడు. "అయితే ఎవడూ లేడా? నిజంగా ఎవడూ లేడా అన్నగారూ? అది నాదేనా?" నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. బేడీలు బయటికి తీస్తున్న కానిస్టేబుల్ వైపు కూడా చూసి నవ్వాడు. చంపబోయినందుకు పట్టుబడ్డ మనిషిలా లేడు, పందెం గెలిచినవాడిలా ఉన్నాడు.

నా చేతులు విడిపించుకోవాలనిపించింది. ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వే. ఒకసారి మా తోడల్లుడి బదిలీ ఆగిపోయిందని తెలిసినప్పుడు అద్దంలో చూశాను దాన్ని.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ నుదుటిమీద చెమట. మమ్మల్నందరినీ ఒకసారి చూసి, మందు గురించి మాత్రమే మాట్లాడింది.

"అసలు మందు లోపలికి వెళ్ళింది. ఇంజక్షన్ దారిలో ఉంది. ఇప్పుడే ఏమీ చెప్పలేం, కొన్ని రోజులు పడుతుంది. కానీ మనిషి గట్టిది. నా నమ్మకం, నిలబడుతుంది. ఒళ్ళు వెచ్చబడాక మెదడు ఆ అరుపులు ఆపేస్తుంది. పాలు పోతాయి, నెలసరి వస్తుంది."

"గొంతండీ?" అన్నాడు గడియారాలాయన.

"గొంతు కూడా వస్తుంది. మునుపటిలాగే."

అతని మొహంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. తర్వాత ఒక్కో చోటా ఆరిపోతూ వచ్చింది. ముందు కళ్ళు, తర్వాత బుగ్గలు, చివరికి పెదాలు. తెరిచివున్న తలుపులోంచి, గొట్టాల మధ్య కళ్ళు మూసుకుని పడుకున్న భార్య మెడవైపు చూశాడు.

"మునుపటిలాగేనా?" అన్నాడు.

మావాడు బేడీ బిగించేలోపే నేను వెళ్ళి ఆ తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.